వంశానుగత హృద్రోగము – యాంటీబాడీ ఔషధములు – మన సంఘ కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నలుమూలల నుండియు, భీవండి, షోలాపురము, సూరతు పట్టణముల నుండియు శ్రమకోర్చి విచ్చేసిన పద్మశాలి కులబాంధవులారా! సోదరీమణులారా!

ఈ మహాసభయందు విద్యను గూర్చియు, మగ్గముల స్థితిని గూర్చియు, నూలు ధరను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము ఆరోగ్యవిషయమున నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. మేము వైద్యులము కాము. రసాయనశాస్త్రమును బోధించు నుపాధ్యాయులము మాత్రమే. అయినను చెప్పబోవు విషయము మా యింటి గడప దాటి లోనికి వచ్చినదగుటచే దానిని గూర్చి శ్రద్ధతో చదివితిమి, తెలిసినవారి నడిగి తెలిసికొంటిమి. తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.

మా తండ్రిగారు సిరిసిల్లలో సాంచాలు నడపిన ఆసామి. 46వ యేట ఒకనాటి యుదయమున సాంచా కడనే రొమ్ము పట్టుకొని కూలిరి. అంతకు నాలుగేండ్లకు పూర్వమే మా పెదతండ్రిగారు 44వ యేట నిద్రలో పోయిరి. భీవండిలో నుండిన మా మేనత్తగారి పెద్దకుమారుడు 38వ యేట బండి యెక్కబోవుచు పడిపోయెను. ముగ్గురును బక్కపలుచని మనుష్యులే. పొగత్రాగినవారు కారు, మద్యము ముట్టినవారు కారు. వారి మరణమునకు ఒకరు దిష్టి యనిరి, ఒకరు సాంచాల ధ్వని యనిరి, మఱియొకరు ప్రారబ్ధమనిరి. బంధువర్గములో మాత్రము ఒక మాట పుట్టినది: “ఆ యింటివారికి ఆయువు తక్కువ.”

మా చెల్లెలికి సంబంధములు చూచునప్పుడు ఈ మాటయే అడ్డువచ్చెను. రెండు సంబంధములు కుదిరినట్లే కుదిరి తప్పిపోయినవి. కడకు, బయటివారు రానందున, మేనత్తగారి రెండవ కుమారునికే యిచ్చి వివాహము చేసితిమి. దాని ఫలమును ముందు మనవిచేయుదుము.

సోదరులారా! “ఆయువు తక్కువ” యను ఈ మాట మూఢవిశ్వాసము కాదు. అది సత్యమే. మన పెద్దలు ఏ పరికరమును లేకయే, రెండు మూడు తరముల చావులను గమనించి, ఒక యింట గుండెజబ్బు వంశానుగతముగా దిగుచున్నదని కనిపెట్టిరి. అయితే ఆ యెఱుకను సంబంధములను చెఱచుటకే వాడుచున్నాము; ప్రాణములను నిలుపుటకు వాడుట లేదు. నేడు మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటయే.

ముందుగా కొలెస్ట్రాలనగా నేమో చెప్పవలసియున్నది. అది విషము కాదు. మైనము వంటి యొక పదార్థము. జీవకణముల పైపొర నిర్మాణమునకును, పైత్యరసమునకును, కొన్ని హార్మోనులకును అది యావశ్యకము. అందు నధికభాగము మనము తిను నేయినూనెల నుండి వచ్చునది కాదు; మన శరీరమే తయారుచేసికొనుచున్నది. నీటిలో కరగనిదగుటచే రక్తమునందు స్వయముగా ప్రయాణింపలేదు. సన్నని కణికలలో నెక్కి పోవును. ఆ కణికలలో ఎల్‌.డి.ఎల్‌. యనునది ముఖ్యము. అది రక్తములో మితిమీరి చాలకాలము తిరుగుచున్నచో గుండెకు రక్తము గొనిపోవు నాళముల గోడలలో దిగబడి, పేరుకొని, తుదకొకనాడు చిట్లి దారిని మూసివేయును. దానినే గుండెపోటందురు. మన దేశమువారి కీ యాపద మఱింత ముందుగా వచ్చుచున్నది. దక్షిణాసియాలో తొలి గుండెపోటు సగటున 53వ యేట వచ్చుచుండగా, ఇతర దేశములవారికి 59వ యేట వచ్చుచున్నదని బహుదేశములలో జరిపిన యొక పరిశోధనను బట్టి 2007లో ప్రకటించిరి.

ఎల్‌.డి.ఎల్‌. కణికలను రక్తమునుండి తీసివేయు పని కాలేయమునది. అమెరికా దేశమున డల్లాసు నగరమందు మైకేల్ బ్రౌన్, జోసఫ్ గోల్డ్‌స్టీన్ అను నిద్దఱు వైద్యులు 1970వ దశకమున ఈ రహస్యమును ఛేదించి 1985లో నోబెల్ బహుమానము నందిరి. కాలేయమునందలి జీవకణముల పైపొరమీద గ్రాహకములను పదార్థములు కలవు. అవి ఎల్‌.డి.ఎల్‌. కణికను పట్టుకొని లోనికి పోయి, దాని నచట దించి, మరల పైకి వచ్చును. మగ్గముమీద నాడె ఈ యంచునుండి ఆ యంచునకు పోయి తిరిగివచ్చునట్లే, ఒక్కొక్క గ్రాహకము సుమారు పదేసి నిమిషముల కొక రాకపోక చొప్పున నూఱుసార్లకు మించి తిరుగును. నాడెలు తఱిగిన నేత యాగునట్లు, గ్రాహకములు తఱిగిన రక్తములో కొలెస్ట్రాలు నిలిచిపోవును.

ఈ గ్రాహకమును తయారుచేయు జన్యువు ప్రతివానికిని రెండు ప్రతులుండును. తండ్రివలన నొకటి, తల్లివలన నొకటి. అందొకటి చెడినచో ఎల్‌.డి.ఎల్‌. పుట్టుకనుండియే రెండు రెట్లగును. ఇది సుమారు 300 మందిలో నొకరికి కలదు. ఈ పందిరిక్రింద మూడువేలమంది కూడినచో పదిమంది యట్టివారుందురని లెక్క. చికిత్స లేనిచో అట్టి పురుషులలో సగముమందికి 50 యేండ్లలోపలనే గుండెజబ్బు కనబడును. వారి సంతానములో ప్రతి బిడ్డకును ఆ దోషము సంక్రమించుటకు సగము అవకాశము కలదు. ఆడపిల్లయైనను, మగపిల్లవాడైనను ఒక్కటియే. మన వాడుకలో “ఆ యింటి మగవారికి” అని యనుచున్నాము గాని స్త్రీలకును అది దిగును. కొంత ఆలస్యముగా బయటపడునంతే. ఇక రెండు ప్రతులును చెడినచో ఎల్‌.డి.ఎల్‌. నాలుగు రెట్లు మొదలు ఆఱు రెట్ల వఱకు పెరిగి, బాల్యముననే గుండెనాళములు మూసికొనును.

దీనికి మొదట దొరకిన మంచి మందు స్టాటిను. జపాను దేశీయుడగు అకీరా ఎండో 1973లో బూజునుండి దీని మూలపదార్థమును తీసెను. 1987లో అమెరికాలో మొదటి స్టాటిను విక్రయమునకు వచ్చెను. కాలేయము కొలెస్ట్రాలును తయారుచేయుటను అది తగ్గించును. కొఱతపడిన కాలేయము మఱిన్ని గ్రాహకములను పైకి పంపి రక్తమునుండి లాగికొనును. ఈనాడీ మాత్రలు మన హైదరాబాదు పరిసరముల కర్మాగారములలోనే తయారై, బీదవానికిని అందు వెలకు దొరకుచున్నవి. అయినను వంశానుగతముగా ఈ జబ్బు కలవారిలో ననేకులకు స్టాటినొక్కటియే చాలదు. కారణము చాలకాలము తెలియలేదు. అది తెలిసినది కుటుంబములవలన. ఈ భాగము మనకు ముఖ్యము గనుక సావధానముగా వినగోరెదము.

ప్యారిసు నగరమున కేథరీన్ బొయిలో, మరియాన్ అబీఫాదెల్ మొదలగు పరిశోధకులు కొన్ని ఫ్రెంచి కుటుంబములను పరీక్షించుచుండిరి. వారి కొలెస్ట్రాలు అధికము. కాని గ్రాహకజన్యువు చక్కగా నున్నది. అదేకాలమున కెనడాలోని మాంట్రియలు నగరమందు నబీల్ సైదా అనునతడు ఒక క్రొత్త పదార్థమును కనుగొనెను. 2003లో ఈ రెండు దారులు కలిసినవి. ఆ ఫ్రెంచి కుటుంబములలో చెడినది పి.సి.ఎస్‌.కె. 9 అను ఆ క్రొత్త పదార్థపు జన్యువని తేలినది. ఈ పదార్థము గ్రాహకము నంటుకొని, లోనికి పోయిన గ్రాహకమును తిరిగి పైకి రానీయక నాశనమునకు పంపును. నేయుచుండగా నాడెను తీసి పొయ్యిలో వేయువాని వంటిది. ఆ కుటుంబములలో నీ పదార్థము మితిమీరి పనిచేయుచుండెను.

తరువాత డల్లాసు నగరమున హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనువారు ప్రశ్నను తిరుగవేసిరి. ఈ జన్యువు మితిమీరినచో కొలెస్ట్రాలు పెరుగుచున్నది. అట్లయిన, ఇది పుట్టుకనుండియే పనిచేయనివారి గతి యేమి? ఆఫ్రికన్ అమెరికనులలో నూటికిద్దఱికి అట్టి జన్యువు కలదనియు, వారి ఎల్‌.డి.ఎల్‌. నూటికి 40 వంతులు తక్కువయనియు 2005లో ప్రకటించిరి. 2006లో ఇంకొక వార్త వచ్చినది. సుమారు 15 యేండ్లు వైద్యుల పరిశీలనలో నుండిన జనసమూహమునందు ఇట్టి జన్యువు కల నల్లజాతివారికి ఎల్‌.డి.ఎల్‌. నూటికి 28 వంతులు తక్కువ. గుండెజబ్బో, నూటికి 88 వంతులు తక్కువ. వారికి వేఱొక లోపము కానరాలేదు. పుట్టుకనుండి కొద్దిగా తక్కువగా నుండుట, నడివయస్సున చాల తగ్గించుకొనుటకంటె మేలని దీనివలన లోకమునకు తెలిసెను.

ఇక ఔషధమును గూర్చి. ఆ పదార్థమును పట్టి బంధించినచో గ్రాహకము బ్రదుకును. బంధించుట కెవరిని పంపవలెను? మన రక్తములో సహజముగా యాంటీబాడీలనబడు రక్షకపదార్థములు కలవు. అవి శత్రువును గుర్తుపట్టి, తాళమునకు తాళపుచెవివలె దానికే అంటుకొనును. కావలసిన ఒక్క తాళమునకే సరిపడు యాంటీబాడీని ఎంతయైనను తయారుచేయు విధానమును 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనువారు కనుగొనిరి. 1984లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. కొలెస్ట్రాలు విషయమున, మనుష్యుల యాంటీబాడీ జన్యువులను ధరించిన ఎలుకలనుండి తగిన యాంటీబాడీని ఎన్నుకొని, దాని జన్యువును చిట్టెలుక జాతికి చెందిన జీవకణములలో ప్రవేశపెట్టి, ఆ కణములను పెద్ద తొట్లలో పెంచి మందును తీయుదురు. ఇది మాంసకృత్తగుటచే మ్రింగినచో జీర్ణమైపోవును; కావున చర్మము క్రింద సూదిమందుగా సాధారణముగా రెండువారముల కొకసారి పుచ్చుకొనవలెను. చల్లనిపెట్టెలో భద్రపఱచవలెను.

దారిలో నోటమియు కలదు. ఫైజరు కంపెనీవారు తయారుచేసిన బొకోసిజుమాబ్ అను యాంటీబాడీలో కొంతభాగము ఎలుక మూలమునుండి వచ్చినది మిగిలియుండెను. దానిని పుచ్చుకొన్నవారిలో ననేకుల శరీరము దానినే శత్రువుగా నెంచి, దానికెదురుగా యాంటీబాడీలను తయారుచేసెను. మందు ప్రభావము కాలక్రమమున సన్నగిల్లుటచే 2016లో ఆ ప్రయత్నమును మానివేసిరి. పూర్తిగా మానవరూపమున నున్న ఎవొలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ అను రెండు మందులకు 2015లో అమెరికా, ఐరోపా దేశములలో అనుమతి లభించెను. ఇవి ఎల్‌.డి.ఎల్‌.ను సుమారు నూటికి 60 వంతులు తగ్గించును. స్టాటిను పుచ్చుకొనువారిలో కాలేయము గ్రాహకములతోపాటు పి.సి.ఎస్‌.కె. 9ను కూడ అధికముగా తయారుచేయును. స్టాటిను ఒక హద్దు దాటి పనిచేయకపోవుట కిది యొక కారణము. కనుకనే ఈ రెండు మందులును కూడినప్పుడు ఫలము హెచ్చు.

ఫలితములను ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెను. 2017లో ప్రకటింపబడిన పరీక్షలో 27,564 మంది పాల్గొనిరి. వారందఱును స్టాటిను పుచ్చుకొనుచుండినవారే. ఎవొలోక్యుమాబ్ చేరిన వెనుక ఎల్‌.డి.ఎల్‌. 92 నుండి 30కి దిగెను. గుండెపోటు, పక్షవాతము మొదలగు నుపద్రవములు కలిపి నూటికి 15 వంతులు తగ్గినవి. 2018లో వెలువడిన అలిరోక్యుమాబ్ పరీక్షయందు 18,924 మంది పాల్గొనగా ఆ తగ్గుదలయే కానవచ్చెను. అయితే 2017 నాటి పరీక్షలో, రెండేండ్లకు కొంచెము మించిన ఆ కాలములో, హృద్రోగమరణములు తగ్గినట్లు తేలలేదు. మందు ఎంత బలమైనదైనను, నలువదియేండ్లు పేరుకొన్నదానిని రెండేండ్లలో కడిగివేయజాలదు. ముందుగా తెలిసికొనుటయే సగము చికిత్స.

వెలను గూర్చి యడుగుదురు. ఆరంభమున అమెరికాలో ఏడాదికి 14,000 డాలర్ల వెల కట్టిరి. అంత వెల పెట్టువారు లేక, 2018లో ఎవొలోక్యుమాబ్ వెలను 5,850 డాలర్లకు తగ్గించిరి. మన దేశమున స్టాటిను మాత్ర వెలతో పోల్చిన ఈ సూదిమందుల వెల ఎన్నియో రెట్లధికము. సాంచాలమీద కూలిచేయు కుటుంబము సొంతముగా భరింపగలది కాదు. అయినను నిరాశపడనక్కఱలేదు. 2007లో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ, రక్తసంబంధమగు కాన్సరులకు వాడు రిటుక్సిమాబ్ అను యాంటీబాడీని స్వయముగా తయారుచేసి తక్కువ వెలకు విక్రయించెను. యాంటీబాడీలను తయారుచేయు నేర్పు మనవారికి కలదనుటకిది నిదర్శనము. 2023లో అమెరికా సుప్రీము కోర్టు, పి.సి.ఎస్‌.కె. 9ను బంధించు యాంటీబాడీల నన్నిటిని ఒకే కంపెనీ తన సొత్తనుటకు వీలులేదని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరముననే చైనా దేశము తన సొంత యాంటీబాడీకి అనుమతి నిచ్చెను. ఏడాదికి రెండుమార్లు మాత్రమే పుచ్చుకొను ఇన్‌క్లిసిరాన్ అను వేఱొక జాతి మందు 2020లో ఐరోపాలో అనుమతి పొందెను. దారులు పెరిగినకొలది వెల దిగుట లోకసహజము.

ఇప్పుడు మా యింటి కథను ముగింతుము. మేనబావ కిచ్చిన మా చెల్లెలి పెద్దకుమారునికి ఏడవ యేట మోచేతులమీదను, మోకాళ్లమీదను పసుపువన్నె బుడిపెలు లేచినవి. చర్మవ్యాధి యని రెండేండ్లు లేపనములు పూసితిమి. కడకొక వైద్యుడు బుడిపెను నొక్కిచూచి, “ఈ యింట చిన్నవయస్సున గుండెపోటుతో పోయినవారున్నారా?” అని యడిగెను. అట్టి ప్రశ్న నడిగిన మొదటి మనుష్యుడతడే. రక్తము పరీక్షింపగా బాలుని ఎల్‌.డి.ఎల్‌. 540. మా చెల్లెలికి 270, బావకు 255. పిమ్మట మమ్ము పరీక్షింపగా మాకును 260 ఉండెను. ఆ 540లో మా వంశము రెండువైపులనుండి వచ్చి కలిసినది.

క్రొత్త యాంటీబాడీ మందు వచ్చినదని విని, ఎట్లయినను తెప్పింతమని మేము పట్టణమునకు పరుగిడితిమి. అక్కడ వైద్యుడు చెప్పిన మాట యిది: ఈ మందు గ్రాహకమును నాశనము కానీయక కాపాడును, ఈ బాలునికి పనిచేయు గ్రాహకములే లేవు, ఇక దేనిని కాపాడును? ఉన్న నాడెను నిలుపవచ్చును గాని లేని నాడెను నిలుపుటెట్లు? ఇట్టివారికై గ్రాహకముతో పనిలేకయే పనిచేయు ఎవినాక్యుమాబ్ అను మఱొక యాంటీబాడీ 2021లో అమెరికాలో అనుమతి పొందినది. అది మాకందు దూరములో లేదు. యంత్రముచే రక్తమునుండి కొలెస్ట్రాలును వడకట్టు చికిత్సయు కలదు. బాలుడు నేడు చికిత్సలో నున్నాడు, బడికి పోవుచున్నాడు. అంతకుమించి చెప్పజాలము. అతని తల్లికిని, తండ్రికిని, మాకును మాత్రము సులభమైన మందులతోనే ఎల్‌.డి.ఎల్‌. సగమునకు దిగినది. మా తండ్రిగారికి ఆ మాత్రయే యెవరైనను ఇచ్చియుండినచో!

“ఆయువు తక్కువ” యను మాటకు వెఱచి బయటివారు రాకపోవుటచే మేము రక్తసంబంధమునే వెదకితిమి. ఆ మాట దోషమును తొలగింపలేదు, రెండింతలు చేసినది. ఇందు నిందింపదగినవారు లేరు. తెలియకపోవుటయే కారణము.

కులమును గూర్చి యొక మాట. హైదరాబాదునందు సి.సి.ఎం.బి. యను పరిశోధనాలయము కలదు. దక్షిణాసియావాసులలో నూటికి నలుగురు, గుండె కండరమును బలహీనపఱచు నొకే జన్యుదోషమును కలిగియున్నారని అక్కడి తంగరాజుగారి బృందము 2009లో వెల్లడించెను. 2017లో వారును, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారును కలిసి 263 సమూహములను పరిశీలింపగా, 81 సమూహములలోని వారు బహుకాలమునుండి తమలోతామే వివాహములాడుటచే కొద్దిమంది పూర్వుల జన్యువులనే మిక్కుటముగా పంచుకొనియున్నారని తేలెను. వైశ్యులలో కొందఱికి శస్త్రచికిత్సా సమయమున కండరములను సడలించుటకిచ్చు నొక మందు త్వరగా విఱుగక, శ్వాస తిరిగివచ్చుట ఆలస్యమగునని మత్తువైద్యు లెఱుగుదురు. ముందుగా తెలిసినచో వేఱుమందు వాడుదురు, ప్రమాదము తప్పును. తెలిసికొనుటలో అవమానము లేదు. తెలిసికొనకుండుటలో నష్టము కలదు.

మనకు నూటయొక్క గోత్రములు కలవని గర్వముగా చెప్పుకొందుము. సగోత్రమున పిల్లనియ్యము. కాని గోత్రము తండ్రివైపు గీతను మాత్రమే చూచును. మేనమామ కూతురు గోత్రముచే పరాయిదే. రక్తముచే పరాయిది కాదు. తాతయవ్వల జన్యువులు ఆమెయందును, మనయందును సమముగా దిగియుండును. మేనరికములన్నియు చెడ్డవని మేమనము. చిన్నవయస్సున గుండెపోట్లు కల వంశమునందు మాత్రము, రక్తపరీక్ష చేయింపక మేనరికము చేయుట కన్నులు మూసికొని నూతిగట్టున నడచుటయని మా యనుభవమువలన చెప్పుచున్నాము.

ఇతరులు ఏమి చేసిరో చూడుడు. హాలండు దేశమువారు 1994 మొదలుకొని ఇరువదియేండ్లు, ఈ జబ్బు కల యొక్కొక్కని పట్టుకొని అతని అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను, పినతండ్రి మేనత్తల సంతానమును వరుసగా పరీక్షించుచు 28,000 మందిని కనుగొనిరి. న్యూయార్కు నగరమందలి సంప్రదాయ యూదులలో నొక మతగురువు, శిశువులను హరించు వేఱొక వంశానుగతరోగముచే నలుగురు బిడ్డలను పోగొట్టుకొని, 1983లో దోర్ యెషోరీమ్ అను సంఘమును స్థాపించెను. యువతీయువకుల రక్తము పరీక్షించి పేరులేక అంకె నిత్తురు. సంబంధము చూచుటకు ముందు రెండు అంకెలను చెప్పిన, అది తగునో తగదో చెప్పుదురు. ఎవరి పరువును పోదు. మన జబ్బున కిది యథాతథముగా సరిపోదు. ఏలయన ఇందు ఒక్క చెడ్డ ప్రతియున్నను చికిత్స కావలెను గనుక ఆ మనుష్యునికి తప్పక చెప్పవలెను. కాని గుట్టును కాపాడుచు మేలుచేయు పద్ధతిని వారినుండి నేర్వవచ్చును.

హాలండు ప్రభుత్వము మిక్కిలి ధనము వెచ్చించి వెదకిన బంధుత్వముల పట్టిక మనకు సహజముగానే కలదు. సిరిసిల్లనుండి సూరతుకు పోయినవాని మేనత్త కోడలెవరో, నిర్మలలో నుండి గల్ఫుదేశమునకు పోయినవాని బావమఱది యెవరో ఈ పందిరిలోని పెద్దలు కన్నుమూసి చెప్పగలరు. ఇంటిపేర్లు, వరుసలు, వియ్యములు మన నాలుకలమీద నున్నవి. కావున నీ మహాసభవారి యెదుట నాలుగు సూచనల నుంచుచున్నాము.

మొదటిది: ప్రతి శాఖాసంఘమును తన గ్రామమునందు 55 యేండ్లలోపల పురుషుడుగాని, 65 యేండ్లలోపల స్త్రీగాని గుండెపోటుతో పోయిన కుటుంబములను ఇంటింటికి పోయి తెలిసికొనవలెను. కనుఱెప్పలమీద పసుపు మచ్చలు, మడమ వెనుక నరము దళసరియగుట, కీళ్లమీద బుడిపెలు కలవారిని గమనింపవలెను.

రెండవది: ఆ కుటుంబములవారందఱకును, పిల్లలతో సహా, కొలెస్ట్రాలు పరీక్ష చేయింపవలెను. ఇది కొన్ని వందల రూపాయల పని. పెద్దలలో ఎల్‌.డి.ఎల్‌. 190కిని, పిల్లలలో 160కిని మించినచో వైద్యుని కడకు పంపవలెను. ఆదిలాబాదునందు 2008 నుండియు, జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందు 2022 నుండియు, కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల, ఆసిఫాబాదులందు 2023 నుండియు సర్కారువారి వైద్యకళాశాలలు కలవు. వాటి దవాఖానలు మన గుమ్మములోనికి వచ్చినవి. మనము గుమ్మము దాటవలెను.

మూడవది: విద్యార్థి వేతనములకు మనకు నిధి యున్నట్లే, ఔషధనిధి యొకటి నెలకొల్పవలెను. చాలమందికి మొదట కావలసినది చవుకైన స్టాటిను మాత్రయే. సూదిమందు తప్పనివారు కొద్దిమందియే. వారిని దాతలు, సంఘము కలిసి మోయగలరు. ఆ మందు సర్కారు దవాఖానలలో దొరకునట్లు ప్రభుత్వమును కోరుచు తీర్మానము పంపవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ పరీక్షల ఫలితములు వివాహపరిచయవేదికవారి చేతికి ఏనాడును పోరాదు. ఎవరి ఫలము వారిదే. మన యత్నము పిల్లలకు సంబంధములు రానీయని మఱొక సాధనమైనచో, మేము నేడిచట నోరు విప్పకుండుటయే మేలగును. మాత్ర పుచ్చుకొనుచు 80 యేండ్లు బ్రదుకువాడు లోపము కలవాడు కాడు. తెలియక 40 యేండ్లకు పోవువాని కుటుంబమే లోపము ననుభవించును.

బంధువులారా! ఈ నూతనౌషధము ధనికదేశముల ప్రయోగశాలలలో పుట్టినదందురు. అది సగము సత్యమే. దాని మూలము కొన్ని కుటుంబములయందు కలదు. తమ యింట నేల ఇట్లగుచున్నదని సిగ్గుపడక చెయ్యిచాచి రక్తమిచ్చిన ఫ్రెంచి కుటుంబములు, డల్లాసునందలి నల్లజాతివారు లేనిచో ఈ మందు లేదు. వారి పేర్లు లోకమెఱుగదు. వారి యింటను ఇరుగుపొరుగువారు “ఆయువు తక్కువ” యని యనుకొనియే యుందురు. ఆ మాటను వారు వైద్యుని చెవిని వేసిరి.

మనమును అట్లే చేయుదముగాక. ఇకమీదట “ఆ యింటివారికి ఆయువు తక్కువ” యను మాట మీ చెవిని పడినయెడల, సంబంధము మాని వెనుదిరిగి పోవలదు. ఆ యింటి తలుపు తట్టి, “అన్నా! రక్తము పరీక్షింపించితివా?” అని యడుగుడు. ఆ ప్రశ్న మా తండ్రిగారి నెవరును అడుగలేదు.

మార్కండేయస్వామి మనకందఱకును పూర్ణాయువు నిచ్చుగాక.